అంచు పోగుల లెక్క

నగరి,
12 జూన్ 2002

బావగారు దొరస్వామి గారికి,

కోదండం రాస్తున్నాను. ఇక్కడ మగ్గాలు బాగా తిరుగుతున్నాయి, కరెంటు ఉన్నంతసేపు. మా ఇంటావిడ చౌడేశ్వరమ్మ కూడా బాగానే ఉంది. ఆమెకు కరెంటుతో పని లేదు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటారేమో. మీ ఇంటికి ఫోను చేస్తే ఎత్తేది మీ కోడలే, మా అమ్మాయి ప్రసన్న. నేను అడగాల్సింది ఆమె గురించే. అందుకే ఉత్తరం, అది కూడా మీ డిపో చిరునామాకు.

మద్రాసులో ఆ కంపెనీ ఆమెను ఇంటికి పంపించి ఏడాది దాటింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని అందరినీ పనిలో పెట్టుకున్నారు. సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు తికమకపడలేదు, మనుషులు ఇంటికొచ్చారు. ఆమెకు వచ్చిన కోబాల్ అనే భాష ముసలిదైపోయిందట. ఇప్పుడు జావా అనే కొత్త భాష వస్తేనే ఉద్యోగమట. అది చేతికి రావాలంటే రోజుకొక చిక్కు లెక్క తీసుకుని, దాన్ని ఆ భాషలో విప్పాలట. ఇదంతా నాకు తెలుసు. నాకు తెలియనిది, ఆ లెక్కలు ఇస్తున్నది మీరని.

మొన్న ఆదివారం ఫోన్లో చెప్పింది. "పుస్తకంలోవి అయిపోయినాయి నాయనా. ఇప్పుడు దినామూ మామ ఇస్తా ఉండాడు. కొండ బస్సుల లెక్కలు. భలే ఉంటాయిలే" అని. ఆ 'భలే' అన్న గొంతు నేను విని చాలా కాలమైంది. ఆమె ఇంజనీరింగులో చేరినప్పుడు విన్నాను, మళ్లీ ఇప్పుడు, మీ బస్సులకు.

మీరు ఘాట్ బస్సులకు టైములు వేసే కంట్రోలరని తెలుసు గానీ కంప్యూటర్ మాస్టరని తెలియదు. అవి ఎలాంటి లెక్కలో కాస్త రాయండి. వేరే ఉద్దేశం లేదు, ఊరికే తెలుసుకుందామని.

చెల్లెమ్మ నిర్మలమ్మకు మా నమస్కారాలు. ప్రసన్నకు ఈ ఉత్తరం సంగతి చెప్పొద్దు.

మీ
కోదండం


తిరుపతి,
18 జూన్ 2002

కోదండం బావగారికి,

ఉత్తరం అందింది. కోడలికి తెలియదు.

లెక్కలు పెద్దవేమీ కావు. కొండ ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి. బస్సు పైన అరగంట ఆగి దిగుతుంది. కింద పది నిమిషాలకొకటి కదలాలంటే మొత్తం ఎన్ని బస్సులుండాలి? దారిలో ఒకటి ఆగిపోతే ఎన్ని? ఇలాంటివి. డిపోలో ఇవన్నీ మేము అంచనా మీద నడుపుతాము. ఆమె ఒక పూటలో రాసేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కాఫీతో పాటు జవాబు కూడా తయారుగా ఉంటుంది. మా వాడు హేమచంద్ర మందుల కంపెనీ పని మీద ఊళ్లు తిరుగుతూ ఉంటాడు కాబట్టి ఇంట్లో ఈ మాటలు వినేది మేమిద్దరమే.

మీకు వీలైతే మీరూ ఒకటి రెండు పంపండి. మాదీ నారాయణవనంలో మగ్గం ఇల్లే కదా. పదో తరగతి అవుతూనే నేను బయటపడ్డాను గానీ, చిన్నప్పుడు చూసినంతవరకు మగ్గం లెక్కలు కంప్యూటర్‌కు కాస్త చిన్నవేమో అనిపిస్తుంది. అయినా పంపండి, ఆమె సంతోషిస్తుంది.

ఇట్లు
దొరస్వామి


నగరి,
2 జులై 2002

చిన్న లెక్కల కోదండం, పెద్ద లెక్కల బావగారికి నమస్కరించి రాయునది.

మీ సలహా ప్రకారం పంపడం మొదలుపెట్టాను. ఒకటి రెండు కాదు, రోజుకొకటి, కార్డు మీద. మా వీధి పోస్ట్‌మన్ ధనంజయ మొన్న నిలబెట్టి అడిగాడు, "ఏమన్నా, కూతురికి రోజూ ఏం రాస్తావుండావు? అంతా అంకెలే గదా" అని. చదువుతున్నాడన్నమాట. అర్థమైతే జవాబు చెప్పమన్నాను. అప్పటినుంచి తలకాయ వంచుకుని పోతున్నాడు.

మీకూ ఒకటి చూపిస్తాను. లుంగీ ఎడమ వైపు అంచులో పది జంట పోగులు. తర్వాత ఎరుపు ముప్పై, తెలుపు ముప్పై, నీలం ముప్పై, మళ్లీ ఎరుపు, అదే వరస. ఎన్నో పోగు అని అడిగినా రంగు చెప్పే ప్రోగ్రాం రాయాలి. నమూనా: నలభై ఐదో పోగు తెలుపు.

కింద జవాబు ఎందుకు రాస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. మా పనిలో ఆర్డరు ఇచ్చేవాడు నమూనా గుడ్డ ముక్క కూడా చేతికిస్తాడు. లేకపోతే నేసేవాడు తనకు నచ్చింది నేస్తాడు. నేనూ అట్లాగే లెక్కతో నమూనా పంపుతున్నాను. ఆమె ప్రోగ్రాం దానికి కుదిరితే సరి. మీ బస్సులకు నమూనా ఉండదు కదా, అవి ఎప్పుడొస్తే అప్పుడే టైము.

ఒక్క సంగతి మాత్రం తెలియజేయండి. పొద్దున కూర్చోగానే ఆమె ముందు ఎవరి లెక్క తీస్తుంది? మీదా, నాదా? చౌడేశ్వరమ్మ అడగమంది.

మీ
కోదండం

చౌడేశ్వరమ్మ ఇప్పుడే ఇది చదివి, తాను అడగమనలేదని రాయమంటోంది.


తిరుపతి,
20 జులై 2002

కోదండం బావగారికి,

కార్డులు వస్తున్నాయి. ముందు తీసేది మీదే. పోస్టు పదిన్నరకల్లా వస్తుంది, నేను మధ్యాహ్నం గానీ ఇల్లు చేరను. అంతకంటే దానికి వేరే కారణం లేదనుకుంటాను.

మీకు చెప్పుకుంటే తప్పు లేదు, నాకు ఈ మధ్య కష్టంగా ఉంది. నేనిచ్చేది ఒక్కటీ ఆమె మొదటిసారి ఒప్పుకోదు. నిన్న లెక్క చూసి, "తప్పు మామా. పైన అరగంట ఆగతాది అన్నారు. డ్రైవరు టిఫను ఎప్పుడు తింటాడు? బస్సు నడపతా తింటాడా?" అంది. టిఫను కలిపి ఇచ్చాను. "ఇప్పుడు రెండు బస్సులు ఒకే తావులో నిలబడతాండాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కియ్యాల్నా?" అంది. మూడోసారి మార్చి ఇస్తే, "మొన్న ఇచ్చిందే తిప్పి ఇచ్చినారు" అని నవ్వింది. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఒక్క డ్రైవరు కూడా ఇట్లా నిలదీయలేదు. నిర్మల వంటింట్లోంచి వింటూ ఆమెకే వంత పాడుతుంది.

మీ కార్డులకు మాత్రం ఈ గొడవ ఏమీ లేదు. చదువుతుంది, రాస్తుంది, మీ నమూనాతో పోల్చుకుని మడిచి పెడుతుంది. ఒక్క మాట అనదు.

ఆగస్టు రెండో వారంలో మద్రాసులో ఒక కంపెనీ పిలిచింది. ఇన్నాళ్లకు ఇదొక్కటే వచ్చింది. ఇది పోతే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, వయసు కూడా అడుగుతున్నారట. మీరూ దేవుడికి చెప్పుకోండి.

ఇట్లు
దొరస్వామి


నగరి,
16 ఆగస్టు 2002

బావగారికి,

ఇంటర్వ్యూ సంగతి ఏమైందో ప్రసన్న ఫోన్లో సరిగా చెప్పలేదు. "చూస్తామన్నారు నాయనా" అని పెట్టేసింది. ఉద్యోగం ఖాయమై ఉంటుందిలెండి. ఈ లోపల నాకు తోచింది నాలుగు మాటలు రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

మీ జులై ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్నవాడికి మొదటి ర్యాంకు వస్తే కార్డు జేబులో పెట్టుకుంటారు చూడండి, అట్లా. మీ లెక్కలు మూడేసి సార్లు వెనక్కొస్తాయి. నావి ఒక్కటీ వెనక్కి రాలేదు. దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏమంటే, లెక్క ఇవ్వడం కూడా ఒక పని, అందరికీ చేతకాదు. మీదీ మగ్గం ఇల్లే అయినా మీరు తొందరగా బయటపడిపోయారు. అదే మీకు దెబ్బ కొట్టింది.

షెడ్డులో నా దగ్గర పనిచేసే చిన్నబ్బకు కూడా ఈ మాట చెప్పాను. "మీ బిడ్డకు మీ బుర్రే వచ్చిందన్నా" అన్నాడు. జీతం పెంచమని అడిగే ముందు వాడు ఇట్లాంటివి అంటాడు. అయినా బాగుంది.

మీరు బాధపడకండి. బస్సుల లెక్కలు అప్పుడప్పుడూ ఇస్తూ ఉండండి. ఆమెకు మార్పుగా ఉంటుంది.

ఈ నెలంతా మంచి నిద్ర పడుతున్న
కోదండం


తిరుపతి,
19 ఆగస్టు 2002

కోదండం బావగారికి,

మీ ఉత్తరం ఇవాళ చేరింది. ఇవాళ కాకుండా ఇంకెప్పుడు చేరినా బాగుండేది.

ఉద్యోగం రాలేదు. ఈ మాట కోడలు మీకు చెప్పవద్దంది. ఇంకో మాట అసలే చెప్పవద్దంది. రెండూ చెప్తున్నాను. ఆమె ఉద్యోగం మనిద్దరి మర్యాద కంటే ముఖ్యం.

ఇంటర్వ్యూలో, రోజూ చేసే లెక్కల్లో మీకు నచ్చింది ఒకటి బోర్డు మీద రాసి చూపించండి అన్నారట. మా బస్సులు ఎన్నో ఉండగా ఆమె మీ లుంగీ లెక్క ఎంచుకుంది. అంతా బాగానే రాసింది. మధ్యలో ఒక లైను వచ్చింది, అంచు పోగుల్ని సగం చేసే లైను. ఇది ఎందుకు అని అడిగారు. "ఇది ఉంటేనే జవాబు కుదురుతుంది" అందట. లెక్కలో లేనిది జవాబు కోసం కలుపుతారా అని వాళ్లు ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఏమీ అడగలేదు.

బావగారూ, పది జంటలంటే ఇరవై పోగులు. ఇరవై మీద ముప్పై ఎరుపు. నలభై ఐదోది ఎరుపు, తెలుపు కాదు. మీరు జంటను ఒకటిగా లెక్కేశారు, రెండూ మగ్గం మీద ఒకే కంట్లో, అంటే ఒకే రంధ్రంలో, దూరతాయి కాబట్టి. మా నాయన కూడా అట్లాగే లెక్కేసేవాడు. మగ్గం దగ్గర అది అందరికీ తెలుసు. మద్రాసు కంపెనీలో ఎవరికి తెలుస్తుంది? మీ అంచు లెక్కలన్నిటిలోనూ ఇదే ఉంది. అన్నిటిలోనూ ఆమె ఆ లైను కలిపింది.

నాకు చెప్పచ్చు కదమ్మా అన్నాను. "నాయన లెక్క తప్పంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు మామా. మీతో అయితే కొట్లాడొచ్చు" అంది.

ఇంతకంటే రాయలేను.

దొరస్వామి


నగరి,
24 ఆగస్టు 2002

దొరస్వామి గారికి,

చదివాను.

తప్పు నాదే. అంచు గట్టిగా ఉండాలని రెండేసి పోగులు కలిపి దూరుస్తాం, ఒకటి అంటాం. అది లోకంలో అందరికీ తెలుసనుకున్నాను. ఉద్యోగం నా వల్ల పోయింది. దీనికి ఏం చేయాలో నాకు తెలియడం లేదు, తెలిసినప్పుడు చేస్తాను.

మీరు దాచకుండా రాసినందుకు దండం. కానీ చివరి మాట కూడా రాయాల్సిందేనా? 'మీతో అయితే కొట్లాడొచ్చు.' నిన్నటినుంచి అన్నం దగ్గర కూడా అదే వినపడుతోంది.

నేను ఎంత తెలివితక్కువవాడినంటే, మీ జులై ఉత్తరం చూసి గెలిచానని ఊరంతా చెప్పుకున్నాను. మీ బస్సులు మూడుసార్లు తిరిగొచ్చాయంటే మీరు ఓడిపోయారనుకున్నాను. ఆమె మీ ఎదురుగా కూర్చుని తప్పు మామా అని నవ్వుతోంది. నా కార్డు చదివి, మడిచి, పక్కన పెడుతోంది. ఇంటికొచ్చిన చుట్టం కాఫీలో చక్కెర లేదని మనం చెప్తామా? బాగుందంటాం. అట్లా ఉంది నా పరిస్థితి. ఆమెకు ఇప్పుడు వియ్యంకుడు నేనే, మీరు కాదు.

మీరేం చేసి ఆ చనువు సంపాదించారో నాకు తెలియదు. ఆమె మీ ఇంటికొచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు. నేను ఎత్తుకు పెంచినవాడిని. నిజం రాస్తున్నాను, మీ మీద నాకు కడుపుమంటగా ఉంది. మీరు మంచివారు కాబట్టి ఇంకా మంటగా ఉంది.

ఇక కార్డులు రావు. ఆమె అడిగితే మగ్గాల పని ఎక్కువైందని చెప్పండి.

కోదండం


తిరుపతి,
10 సెప్టెంబరు 2002

కోదండం బావగారికి,

మీకు కోపం తగ్గిందో లేదో తెలియకుండానే రాస్తున్నాను. తగ్గకపోతే పక్కన పెట్టి తగ్గాక చదవండి.

కార్డులు ఆగిన దగ్గరినుంచి కోడలు పదిన్నరకు వీధి గేటు దాకా వెళ్లి ఉత్తచేతులతో వస్తోంది. మగ్గాల పని అని చెప్పాను. "మగ్గాలు ఎప్పుడు తీరికగా ఉన్నాయి, ఇప్పుడు తీరిక లేకపోవడానికి?" అంది. నేనిచ్చిన లెక్కలు ఈ వారం మాట్లాడకుండా చేసేసింది. మాట్లాడకుండా చేస్తే ఎట్లా ఉంటుందో ఇప్పుడు నాకూ కొంచెం తెలిసింది.

మీరు నేనేదో చేసి చనువు సంపాదించానన్నారు. నేను చేసింది ఏమీ లేదు. రోజూ ఇంట్లో ఉన్నాను, అంతే. పొద్దున పోట్లాడితే సాయంత్రానికి సర్దుకుంటుంది. మీ దగ్గరికి ఎప్పుడో ఒకసారి రెండు పూటలకు వస్తుంది. వారానికి ఒక ఫోను. నిర్మల ఆమెను అడిగింది, మీ నాయనంటే అంత భయమా అని. "భయం కాదత్తా. ఉండే రెండు పూటల్లో ఆయన ముఖం చిన్నబోతే, దాన్ని పెద్ద చేసి రాను టైము యాడుండాది?" అందట. నిర్మల నాకు చెప్పింది, నేను మీకు రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన మాటకు ఇది చెల్లు అనుకోండి.

ఇంకో కంపెనీ పిలిచింది. నెలాఖరుకు వెళ్లాలి. పాత కార్డులన్నీ తీసి, ఆ లైను కొట్టేసి, మళ్లీ మొదటినుంచి రాస్తోంది. మీకు చెప్పవద్దంది. ఆమె చెప్పవద్దన్నవి ఆగకుండా చెప్పడం నాకు అలవాటైపోయింది.

ఇట్లు
దొరస్వామి


నగరి,
16 సెప్టెంబరు 2002

బావగారికి,

కోపం తగ్గింది. మంట అట్లాగే ఉంది, దానికి మీ పూచీ లేదు.

దీంతో పాటు ప్రసన్న పేరు మీద కార్డు పంపుతున్నాను. దయచేసి మీ చేత్తో ఇవ్వండి. అందులో ఉన్నది ఇంతే: తుండుగుడ్డలో నడుమ రెండువందల పోగులు, రెండు పక్కలా అంచు పదేసి జంటలు. మొత్తం ఎన్ని?

కంప్యూటర్ అక్కర్లేదు, వేళ్ల మీద కూడా చేయొచ్చు. ఈసారి నమూనా పెట్టలేదు. కింద ఒక్క వాక్యం రాశాను, 'నీకు వచ్చిందే పంపు, నాది నేను చెప్పను' అని.

ఆ వాక్యం రాయడానికి రెండు కార్డులు పాడయ్యాయి. మొదటిదాంట్లో నమూనా చేతికి అలవాటుగా వచ్చేసింది.

కోదండం


తిరుపతి,
7 అక్టోబరు 2002

కోదండం బావగారికి,

ఫోన్లో ఆమె చెప్పే ఉంటుంది, అయినా రాతలో కూడా ఉండాలి. ఉద్యోగం వచ్చింది. మద్రాసులోనే. పదిహేనో తేదీ చేరాలి. వారమంతా అక్కడ హాస్టల్లో, శనివారం ఇక్కడికి. హేమచంద్ర పెట్టె కొనడానికి బజారుకు వెళ్లాడు.

మీ కార్డు నా చేత్తోనే ఇచ్చాను. చదివి, మిగతా కార్డులతో కలపకుండా విడిగా పెట్టుకుంది. జవాబు పంపావా అని రెండుసార్లు అడిగాను. "పంపను మామా. పద్నాలుగో తేదీ మద్రాసు బస్సు నగరి మీదనే కదా పోతాది. దిగి చెప్తా" అంది.

ఏం చెప్తుందో నాకు చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

ఇట్లు
దొరస్వామి


నగరి,
15 అక్టోబరు 2002

బావగారికి,

ఈ ఉత్తరం తొందరగా రాస్తున్నాను, మాటలు మరిచిపోకముందే.

నిన్న దిగింది. వాళ్లమ్మ కాళ్లు కడుక్కోమంటున్నా వినకుండా, చేతిలో సంచీతోనే నేరుగా షెడ్డులోకి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"నాయనా, ఇన్నూట నలభై."

"కాదు. ఇన్నూట ఇరవై."

"అదెట్లయితాది? జంట అంటే రెండు గదా?"

"రెండూ ఒకే కంట్లో దూరతాయి. కాబట్టి ఒకటి."

"నువ్వూ అమ్మా ఒకే ఇంట్లో ఉండారు. ఒకరేనా?"

చౌడేశ్వరమ్మ తలుపు దగ్గరినుంచి, "వండేది ఒకరే, తినేటప్పుడు ఇద్దరం" అంది. ఎవరి పక్షమో అర్థం కాలేదు.

ప్రసన్న మగ్గం దగ్గర వంగి అంచు పట్టుకుంది. "ఈ జంట తెగితే ఎన్ని ముడులేస్తావు నాయనా?"

"రెండు."

"చూసినావా."

"ముడికి రెండు, లెక్కకు ఒకటి. మా నాయన అట్లే చెప్పినాడు."

"అయితే తాతదీ తప్పే."

బావగారూ, మా నాయన పోయి పదేళ్లయింది. ఆయన బతికుండగా ఆ మాట అన్నవాడు ఊళ్లో లేడు. చిన్నబ్బ మగ్గం ఆపేసి ఇటు చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది, నిజం కోపమే. "ఉద్యోగం రాంగానే తాతకే లెక్కలు చెప్తావా? పో, పొయ్యి మీ మామకు చెప్పుకో" అన్నాను. ఆమె పోలేదు. సంచీ కింద పెట్టి, కొంగు దోపుకుని, "ఆయనకు చెప్పేది ఆయనకు చెప్పినా. నీ లెక్కల కోసం పిచ్చిదాని మాదిరి లైన్లు కలుపుకుంటా కూర్చున్నా. ఒక్క మాట, 'పొరపాటు పడినాన'ని రాసింటే నీ కార్డు అరిగిపోతాదా? కార్డులే మానేస్తావా?" అంది. అరిచింది. కళ్లనీళ్లు కూడా వచ్చాయి, ఇద్దరికీ.

తర్వాత అన్నం తింటూ కూడా పోట్లాడింది. చారు బాగలేదంది. నేను నీరసంగా ఉన్నానంది. షెడ్డులో గాలాడటం లేదంది. రెండు మద్రాసు బస్సులు పోనిచ్చి, మూడోది ఎక్కింది. కిటికీలోంచి కూడా ఏదో అంటూనే ఉంది, ఇంజను చప్పుడులో వినపడలేదు. అంకె ఏదో అయి ఉంటుంది.

రాత్రి అన్నం తినలేదు నేను. ఆకలి లేదు, కడుపు నిండుగా ఉండింది.

కోదండం


తిరుపతి,
19 అక్టోబరు 2002

కోదండం బావగారికి,

మీ ఉత్తరం డిపోలో ఒకసారి, ఇంటికొచ్చి ఒకసారి చదివాను.

ఆమె బయల్దేరే ముందు రోజు నేను కూడా ఒక లెక్క ఇచ్చాను. కావాలనే అందులో దిగే బస్సును ఎక్కే దారిలో పెట్టాను. ఎవరికైనా కనిపించే తప్పు. ఆమె చూసింది. "బాగుంది మామా" అంది. మడిచి పెట్టెలో పెట్టుకుంది. పొద్దున ఇద్దరి కాళ్లకూ మొక్కి, "టైముకు తినండి మామా, జాగ్రత్త" అని చెప్పి వెళ్లింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

మీ ఇంట్లో మూడో బస్సు దాకా పోట్లాడిందని రాశారు. రాయకుండా ఉండాల్సింది.

ఆ అంచు లెక్క మీరు ఒప్పుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒప్పుకోకండి. ఆమె ప్రతి శనివారం ఇంటికి రావాల్సింది మీ నగరి మీదుగానే.

దొరస్వామి